మిషను కుడుతూ వినడానికి పనికొచ్చే సస్పెన్స్ సిరీస్‌లు చెప్పండి

కాలిమిషను, హనుమకొండ:

అందరికీ నమస్కారం. హనుమకొండ చౌరస్తాకు రెండు సందుల అవతల నాది చిన్న లేడీస్ టైలరింగ్ షాపు. రెండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, కత్తిరింపు బల్ల, తెర కట్టిన మూల ఒకటి. ఇరవై రెండేళ్లుగా జాకెట్లే కుడుతున్నాను. నా ప్రశ్న కొంచెం వింతగా ఉంటుంది. నవ్వుకోండి, కానీ జవాబు చెప్పి నవ్వుకోండి.

నేను సస్పెన్స్ సిరీస్‌లు చూడను, వింటాను. కుట్టేటప్పుడు కళ్లు సూది దగ్గరే ఉండాలి. ఒకసారి తల తిప్పితే కుట్టు వంకరపోతుంది, రెండోసారి తిప్పితే సూది వేలిలో దిగుతుంది. నా ఎడమ చూపుడువేలి గోరు మీద ఆ గుర్తు ఇంకా ఉంది. అందుకని ఫోను దారపు కండెకు ఆనించి పెట్టి, మాటలు వింటూ కుట్టుకుంటాను. తెలుగులో తీసినవి, లేకపోతే తెలుగులోకి డబ్బింగ్ చేసినవి. కింద అక్షరాలు వేసి ఊరుకునేవి నాకు పనికిరావు.

2020 లాక్‌డౌన్‌లో షాపు మూసేసి, మిషను ఇంటికి తెచ్చుకుని మాస్కులు కుట్టాను. అప్పుడు మా అమ్మాయి ఇంటర్. కాలేజీ లేదు, పగలంతా మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో ఏదో చూస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం ఆ ఫోనులోంచి ఎవరో ఆడమనిషి చాలా మెల్లగా "తలుపు తీయకు" అంది. నా పాదం దానంతట అదే ఆగిపోయింది. ఆ తర్వాత ఎంతసేపటికీ మాట లేదు. ఒక గొళ్లెం కదిలిన చప్పుడు, అంతే. తీశారా లేదా అని అడిగితే "మొదటి నుంచి విను, నేను చెప్పను" అంది మా అమ్మాయి. ఆ సిరీస్ పేరు మరిచిపోయాను. గొళ్లెం చప్పుడు మరవలేదు.

అంతకుముందు నాకు తెలిసినవి మా అత్తమ్మ చూసే డైలీ సీరియళ్లే. వాటిలో ఒక సుఖం ఉంది. జాకెట్టుకు చేతులు, మెడ, హుక్కుల పట్టీ అన్నీ అయ్యేదాకా కోడలు ఆ మెట్ల మీదే నిలబడి ఉంటుంది. నాలుగు రోజులు వదిలేసి వచ్చినా పోయేదేమీ ఉండదు. వీటిలో అలా కుదరదు. అంచు మడిచేలోపు ఇద్దరు చచ్చిపోతారు.

అయినా ఈ పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టిందేమో. మాది పరకాల దగ్గర పల్లెటూరు. తొంభైల చివర్లో ఈటీవీలో 'అన్వేషిత' అని వచ్చేది, యమున, అచ్యుత్ నటించారు. మాకు టీవీ లేదు. పక్కింటి గుమ్మం దగ్గర పిల్లలందరం ఒకరి మీద ఒకరం పడి కూర్చునేవాళ్లం. సరిగ్గా గుండె గొంతులోకి వచ్చే చోట కరెంటు పోయేది. మిగతా కథ మా పెద్దక్క చీకట్లో కల్పించి చెప్పేది. గొంతు తగ్గించి, మధ్యలో ఆపి, గోడ మీద గోటితో గీకి చెప్పేది. తర్వాత ఎప్పుడో ఎవరి దగ్గరో అసలు కథ వింటే మా అక్క కథే బాగుందనిపించింది.

ఇప్పుడు సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే, రెండేళ్ల కిందట కొన్న మోటారు మిషను మూలకు పోయింది. దాని రొదలో మాటలు వినపడవు. సస్పెన్స్ నడుస్తున్నంతసేపు పాత కాలి మిషను మీదే కూర్చుంటున్నాను. రోజుకు ఒకటిన్నర జాకెట్టు తగ్గింది, లెక్క చూసుకున్నాను. నేను తొక్కడం ఆపితే పక్క టీ కొట్టు తమ్ముడికి తెలిసిపోతుంది. "అక్కా, ఎవరు పోయారు?" అని అక్కడి నుంచే అడుగుతాడు. మొన్న ఒక కొత్త ఆవిడ తెర వెనక జాకెట్టు వేసి చూసుకుంటుండగా ఫోనులో ఎవడో "అరిచావంటే ఇక్కడే నరికేస్తాను" అన్నాడు. పాపం, ఆవిడ మెడలో టేపుతోనే రోడ్డు మీదికి వచ్చేసింది.

అసలు నష్టం ఆ తర్వాతది. 'సుడల్' అనే సస్పెన్స్ సిరీస్ ఏడో ఎపిసోడ్ వింటూ పట్టు జాకెట్టు కుట్టాను. కుట్టేవాళ్లకు తెలుసు, చేతికి ముందువైపు చంక దగ్గర లోతు ఎక్కువ తీస్తాం, వెనకవైపు తక్కువ. నేను కుడి చేయి ఎడమకు, ఎడమది కుడికి అతికించేశాను. వేసుకుంటే చంకలో పట్టేసి చేయి లేవదు. విప్పితే పట్టు మీద సూది చిల్లులు కనిపిస్తాయి. ఇంకా విప్పలేదు, సంచిలో దాచాను.

ఇక ప్రశ్నలు. చెవితో పట్టుకోవడానికి వీలుండే సిరీస్‌లు ఏవి? బొమ్మ చూడకపోతే నేను పోగొట్టుకుంటున్నది ఏమిటి? రాత్రి షట్టరు దించి పడుకున్నాక కూడా ఆ ఎపిసోడ్ చివరి మాట బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, నిద్ర రాదు. మీలో ఎవరికైనా ఇలా అవుతుందా? బతుకమ్మ పండుగ వస్తోంది, రోజుకు పదిహేను కొలత జాకెట్లు వచ్చి పడతాయి. అప్పటికి నా బుర్ర నాకు కావాలి.

కాజీపేట జంక్షన్:

అమ్మా, మీరు 'అన్వేషిత' పేరెత్తారు కాబట్టి మర్యాదగా జవాబు రాస్తున్నాను. లేకపోతే ఈ ఓటీటీల జోలికి రాను.

నేను రైల్వేలో గార్డుగా చేసి దిగాను. దూరదర్శన్‌లో 1993లో 'బ్యోమకేశ్ బక్షి' వచ్చింది. బాసు చటర్జీ తీశారు, రజిత్ కపూర్ వేశారు. ధోతీ కట్టుకున్న మనిషి, ఎక్కడా గొంతు పెంచడు, ఎదుటివాడు చెప్పింది విని ఒక్క ప్రశ్న వేస్తాడు. గదిలో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే చాలు, మనకు చెమట పట్టేది. అది హిందీ. మీకు హిందీ వస్తే చెవులకు అంతకంటే మంచిది లేదు.

తర్వాత 1998 జనవరిలో సోనీలో 'సీఐడీ' మొదలైంది. 2018 దాకా నడిచి ఆగింది, మళ్లీ 2024 డిసెంబరులో వచ్చింది. మా రన్నింగ్ రూములో, అంటే బండి దిగినవాళ్లు విశ్రాంతి తీసుకునే గదిలో, అది పెట్టుకుని కూర్చునేవాళ్లం. నా కర్మ, ఏసీపీ ప్రద్యుమ్న్ వేళ్లు తిప్పుతూ అనుమానం మొదలుపెట్టే సమయానికి నాకు పిలుపు వచ్చేది. బండి ఎక్కి బల్లార్షా దాకా అదే ఆలోచన. అక్కడ ఎదురు బండి గార్డును పట్టుకుని "ఎవరు చంపారు?" అని అడిగేవాడిని. సగం కేసుల ముగింపు నాకు అలా తెలిసిందే. మీరు చెవితో వింటున్నానని సిగ్గుపడుతున్నట్టున్నారు, నేను పక్కవాడి నోటితో విన్నాను.

2004లో ఆ 'సీఐడీ' వాళ్లు 111 నిమిషాల ఎపిసోడ్ ఒకటి ఏకబిగిన తీశారు. కెమెరా ఎక్కడా ఆపలేదు. మీ భాషలో చెప్పాలంటే అతుకు లేని గుడ్డ. ఇక అందులో ఇన్‌స్పెక్టర్ దయా తలుపు పగలగొట్టే చప్పుడు అంటారా, దానికి బొమ్మ అక్కర్లేదు.

నాకు ఈ కొత్తవాటి మీద ఒక్కటే కోపం. ఒక్క హత్యకు ఎనిమిది గంటలా? గూడ్సు బండి కూడా అంతసేపు లూప్ లైనులో నిలబడదు. అయినా మా మనవడి బలవంతం మీద ఆ 'సుడల్' నేనూ చూశాను. మీరు ఏడో ఎపిసోడ్ దగ్గర ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, అసలు చేసింది [ఈ వాక్యాన్ని తొలగించాం – నిర్వాహకులు]

జనగామ కుర్రాడు:

పెద్దాయనా, మీ బండికి బ్రేకు వేసిన నిర్వాహకులకు దండం.

అక్కా, ముందు ఆ చేతుల సంగతి. మీ కష్టానికి అచ్చంగా సరిపోయే పేరుతో ఒక సిరీస్ ఉంది, 'కుడి ఎడమైతే'. ఆహాలో 2021లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు, పవన్ కుమార్ తీశారు. అమలాపాల్ పోలీసు అధికారి, రాహుల్ విజయ్ డెలివరీ కుర్రాడు. ఇద్దరికీ ఒకటే రోజు మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది. జరిగినదాన్ని ఈసారైనా ఆపగలరా అన్నదే కథ.

చెవికి బాగా పట్టేది 'గాలివాన' అనుకుంటాను. 2022లో జీ5లో వచ్చింది, ఏడు ఎపిసోడ్లు. రాధిక, సాయికుమార్ ఉన్నారు కాబట్టి గొంతులు కలగాపులగం కావు, అదే సగం లాభం. బీబీసీ వాళ్ల 'వన్ ఆఫ్ అజ్'ను మన గోదావరి వైపుకు తెచ్చారు. కొత్తగా పెళ్లయిన జంటను ఎవరో చంపుతారు. ఆ చంపినవాడు గాలివాన రాత్రి ప్రమాదమై ఆ రెండు కుటుంబాల ముంగిట్లోనే వచ్చి పడతాడు. ఇంతవరకు మొదట్లోనే తెలిసిపోతుంది, నేనేమీ పాడుచేయలేదు. ఇక అక్కడి నుంచి ఆ ఇళ్లలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలే కథ.

మలయాళం నుంచి 'కేరళ క్రైమ్ ఫైల్స్' తెలుగులో ఉంది. 2023లో వచ్చిన మొదటి భాగం ఆరు ఎపిసోడ్లే, ఒక్క పట్టుచీర జాకెట్టులో అయిపోతుంది. లాడ్జిలో హత్య. రిజిస్టరులో రాసిన దొంగ చిరునామా ఒక్కటే ఆధారం. పోలీసులు తిరుగుతారు, అడుగుతారు, అలసిపోతారు, అన్నం తింటారు. ఎవరూ ఎగిరి తన్నరు. ఎగిరి తన్నేవి మీకు దండగ, చెవికి అవి డబ్బా చప్పుళ్లే.

'దూత' మాత్రం జాగ్రత్త. నాగచైతన్య పత్రికా విలేకరి, విక్రమ్ కుమార్ దర్శకుడు, 2023 డిసెంబరులో ప్రైమ్‌లో వచ్చింది. నాకు చాలా నచ్చింది. అయితే పేపరు ముక్కల్లో ఉన్నది నిజమవుతూ పోతుంది, అక్కడ కళ్లు కావాలి. మీకు వాన చప్పుడు మాత్రం కడుపునిండా దొరుకుతుంది. ఇక 'వికటకవి' మన తెలంగాణ ఊరి కథ, డెబ్భైల నాటిది, ఆరు ఎపిసోడ్లు. యాస వినడానికైనా పెట్టుకోండి.

నిద్ర సంగతికి నా మందు: సెట్టింగుల్లో తర్వాతి ఎపిసోడ్ దానంతట అదే మొదలయ్యే మీట ఉంటుంది. దాన్ని ఆపేయండి. చేతులకు పని ఉన్నవాళ్లు ఫోను ముట్టుకోరు, అది మిమ్మల్ని తెల్లారేదాకా లాక్కుపోతుంది. నేను ఇంకోటి కూడా చేస్తాను. ఎపిసోడ్ చివర్లో ఆపను, తర్వాతిది మొదలుపెట్టి పది నిమిషాలు చూసి ఆపుతాను. ఎపిసోడ్ చివర్లో మనకు తగిలించిన కొక్కెం అప్పటికి ఊడిపోయి ఉంటుంది.

కాలిమిషను, హనుమకొండ:

పది నిమిషాల చిట్కా బాగుంది తమ్ముడూ. రాత్రి చేసి చూశాను, పనిచేసింది. ఎనిమిదో ఎపిసోడ్‌లో పది నిమిషాలు విని ఆపేసి, ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకున్నాను.

'కుడి ఎడమైతే' ఇవాళ మొదలుపెట్టాను. ఒక మాట చెప్పనా? రెండో ఎపిసోడ్‌లో విన్న మాటలే మళ్లీ వినపడ్డాయి. నెట్టు పాడై ఫోను వెనక్కి పోయిందనుకున్నాను. చేతులు తుడుచుకుని, లేచి, ముందుకు జరిపాను. కాసేపటికి మళ్లీ అవే మాటలు. టీ కొట్టు తమ్ముడిని పిలిచి చూపించాను. వాడు రెండు నిమిషాలు చూసి "అక్కా, ఫోను బాగానే ఉంది, కథే అట్లా ఉంది" అన్నాడు. రోజు తిరిగి వస్తుందని మీరు చెప్పారు, నిజమే. అది చెవికి ఇలా వినపడుతుందని నాకు తట్టలేదు.

కాజీపేట పెద్దాయనకు నమస్కారాలు. అతుకు లేని గుడ్డ మాట నచ్చింది. ఆ తొలగించిన వాక్యం మాత్రం నాకు విడిగా పంపకండి.

తెల్లకర్ర, కరీంనగర్:

అమ్మా, నాకు పుట్టుకతో చూపు లేదు. బ్యాంకులో పనిచేస్తాను. మీ రెండో ప్రశ్న చదివించుకుని విన్నప్పుడు కొంచెం నవ్వు వచ్చింది. బొమ్మ చూడకపోతే పోగొట్టుకునేది ఏమిటని నలభై ఏళ్లలో నన్ను ఎవరూ అడగలేదు, పోయిందనే అందరూ తీర్మానించుకుంటారు.

సస్పెన్స్‌కు చెవి కొత్త కాదు. అమెరికాలో సీబీఎస్ రేడియోలో 'సస్పెన్స్' పేరుతోనే ఒక కార్యక్రమం 1942 నుంచి 1962 దాకా, ఇరవై ఏళ్లు నడిచింది. మనకూ ఆకాశవాణి నాటకాలు ఉండేవి. మా నాన్న, నేను ఒకే మంచం మీద పడుకుని వినేవాళ్లం. ఆ గంట మాత్రం ఆయనకూ నాకూ తేడా లేదు. టీవీ వచ్చాక ఆయన "ఇప్పుడు ఏమైందంటే" అని నాకు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పేలోపు తర్వాతది అయిపోయేది.

మీకు పనికొచ్చేవి రెండు మూడు చెబుతాను. ఫోను స్పీకరులో కింది స్థాయి చప్పుళ్లు రావు. దూరంగా ఆగిన బండి, పై అంతస్తులో నడక, ఉరుము మొదలయ్యే ముందు గుర్రుమనడం, ఇవన్నీ ఎగిరిపోతాయి. భయం ఎక్కువగా వాటిలోనే ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్పీకరు ఒకటి కొనుక్కోండి. బల్ల మీద పెట్టకండి, మిషను అదురు దానిలో కలుస్తుంది. గోడ అరలో పెట్టండి.

సంగీతాన్ని నమ్మకండి. అది మనల్ని తప్పుదారి పట్టించడానికే ఉంటుంది. సంగీతం ఆగిపోయిన చోట చెవి పెట్టండి. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలిందంటే ఎవరో అబద్ధం చెప్పబోతున్నారని నా లెక్క. పది సార్లలో ఏడుసార్లు నిజమైంది. అలాగే డబ్బింగ్‌లో, రెండే మాటలున్న పాత్రకు మంచి బరువైన గొంతు పెట్టారంటే ఆ మనిషి మళ్లీ వస్తాడు. మా ఇంట్లో నేను మూడో ఎపిసోడ్‌లోనే హంతకుడి పేరు చెబుతానని నా భార్య నన్ను బయట కూర్చోమంటుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో ఆడియో డిస్క్రిప్షన్ అని ఒకటి ఉంది. మాటలకూ మాటలకూ మధ్య సందులో ఒక గొంతు వచ్చి "అతను ఉత్తరం చించాడు", "ఆమె వెనక్కి తిరిగింది" అని చెబుతుంది. 2015 ఏప్రిల్‌లో 'డేర్‌డెవిల్'తో మొదలుపెట్టారు. అందులో నాయకుడే చూపులేని లాయరు. మొదట ఆ ఏర్పాటు లేకుండానే విడుదల చేశారు. మా కథను మేమే వినలేకపోతే ఎలా అని చూపులేనివాళ్లు అడిగారు, కొద్ది రోజుల్లోనే చేర్చారు. ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. మీ అమ్మాయి మీ పక్కన ఉంటే ఆ పని చేయించుకోవచ్చు, కాకపోతే మా నాన్నలాగా ఆలస్యం చేయకూడదు.

క్లాసు అయిపోయింది:

నేను హనుమకొండలోనే ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. మూడో ప్రశ్న మీద రాస్తాను, మిగతావాటికి ఇక్కడ నాకంటే పెద్దలున్నారు.

1927లో బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ బెర్లిన్‌లో తన ప్రయోగాలు ప్రచురించారు. మనుషులకు చిన్న చిన్న పనులిచ్చి, కొన్నిటిని పూర్తి కానిచ్చి, కొన్నిటిని మధ్యలో ఆపించారు. తర్వాత అడిగితే ఆగిపోయిన పనులే ఎక్కువగా గుర్తున్నాయి. హోటల్లో వెయిటర్లకు డబ్బు కట్టని బల్ల లెక్క గుర్తుంటుంది, కట్టి వెళ్లినవాళ్లది ఉండదు అన్న గమనికతో ఇది మొదలైందని చెబుతారు. తర్వాతి కాలంలో ఇవే ప్రయోగాలు తిరిగి చేసినవాళ్లకు ప్రతిసారీ అదే ఫలితం రాలేదు, అది కూడా చెప్పాలి. కానీ మీరు మీ షాపులోనే చూసుకోండి. ఇచ్చేసిన వంద జాకెట్లలో ఎన్ని గుర్తున్నాయి? సంచిలో దాచిన ఆ ఒక్కటి గుర్తుందా లేదా?

సీరియల్ రాసేవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అమెరికాలో 'డల్లాస్' సీరియల్లో 1980 మార్చి 21న జె.ఆర్. అనే పాత్రను ఎవరో కాల్చారు. ఎవరు కాల్చారో నవంబరు 21న గానీ చెప్పలేదు. మధ్యలో నటుల సమ్మె వచ్చి ఆ నిరీక్షణ ఇంకా సాగింది. ఎనిమిది నెలలు! మీరు ఒక్క రాత్రికే ఇలా అయిపోతున్నారు.

ఇంకో సంగతి. హిచ్‌కాక్ చెప్పిన లెక్క ఒకటుంది. బల్ల కింద బాంబు ఉందని మనకు చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్లు ఉలిక్కిపడతాం. ముందే చూపించి, ఆ బల్ల దగ్గర మనుషులను కబుర్లు చెప్పుకోనిస్తే పదిహేను నిమిషాలు ఊపిరి బిగబడతాం. మొదటిది ఆశ్చర్యం, రెండోదే సస్పెన్స్. పీటర్ ఫాక్ వేసిన 'కొలంబో' 1971లో సిరీస్‌గా వచ్చింది. దాదాపు ప్రతి కథలోనూ హంతకుడిని మొదట్లోనే చూపించేస్తారు. తెలిసిన రహస్యం చుట్టూ ఆ పోలీసాయన నలిగిన కోటు వేసుకుని తిరుగుతూ, వెళ్లిపోతూ వెళ్లిపోతూ వెనక్కి వచ్చి ఇంకో ప్రశ్న అడుగుతాడు. అందుకే జనగామ తమ్ముడు చెప్పిన 'గాలివాన' మీకు నప్పుతుందని నా ఊహ. ఎవరు అన్న ప్రశ్న తొందరగా తీరిపోతుంది, ఇక ఏం చేస్తారు అన్నదే మిగులుతుంది. చేతులు పనిచేస్తూ ఉండగా వినడానికి అదే మేలు.

కాజీపేట జంక్షన్:

అంటే ముందే చెప్పేస్తే సస్పెన్స్ పెరుగుతుందని సారు కూడా అంటున్నారు. మరి నా వాక్యం ఎందుకు తీసేశారు?

సుబేదారి:

ఒక్క నిమిషం. పట్టు జాకెట్టు. చౌరస్తాకు రెండు సందుల అవతల. రెండు మిషన్లు, తెర మూల. అక్కా, ఆ సంచిలో ఉన్నది చిలకాకుపచ్చ రంగుకు మెరూన్ అంచా? పోయిన గురువారం ఇస్తానన్నారు. "ఓవర్‌లాక్ మిషను పాడైంది" అన్నారు. నేను నమ్మి, మా ఆడపడుచు పెళ్లిచూపులకు పాత జాకెట్టు వేసుకుని వెళ్లాను.

కోపం లేదు. కొంచెం ఉంది. కానీ నేను కూడా 'సుడల్' ఆరో ఎపిసోడ్‌లో అన్నం మాడబెట్టాను.

కాలిమిషను, హనుమకొండ:

అమ్మా సుబేదారి, తప్పు నాదే. ఓవర్‌లాక్ బాగానే ఉంది. చిలకాకుపచ్చే, మెరూన్ అంచే. మిమ్మల్ని ఇక్కడ చూడగానే మిషను మీద నా చేయి చల్లబడింది. ఇన్నాళ్లు విన్న ఏ సిరీస్‌లోనూ అంత భయం వేయలేదు.

రాత్రి కూర్చుని విప్పాను. ఫోను కట్టేసి, లైటు దగ్గరగా పెట్టుకుని, బ్లేడు కొసతో ఒక్కొక్క కుట్టు తెంపాను. చిల్లులు పడ్డాయి. పడిన చోట లోపలి నుంచి తడిగుడ్డ వేసి, సన్నటి వేడితో ఇస్త్రీ చేస్తే పోగులు చాలావరకు దగ్గరికి వచ్చాయి. వీపువైపు కుడి చంక కింద రెండు చుక్కలు మిగిలాయి. చేయి దించితే కనిపించవు, ఎత్తితే కనిపిస్తాయి. దాచను, ముందే చెబుతున్నాను. కుట్టుకూలి తీసుకోను.

తెల్లకర్ర సారు చెప్పినట్టు స్పీకరు తెప్పించి గోడ అరలో పెట్టాను. 'గాలివాన' మొదటి ఎపిసోడ్ విన్నాను. ఆ వాన ఇన్నాళ్లు నా ఫోనులో ఎక్కడ దాక్కుందో తెలియదు. నిజం వాన అనుకుని బయట ఆరేసిన లైనింగ్ గుడ్డలు తీయడానికి లేచాను. ఆకాశంలో మబ్బు లేదు. ఫ్యాను చప్పుడు లెక్క కూడా చూస్తున్నాను సారూ, ఇప్పటికి మూడింటికి రెండు సరిపోయాయి. మా షాపు ఫ్యాను ఏదో, కథలో ఫ్యాను ఏదో తేల్చుకోవడానికి మాత్రం మా ఫ్యాను ఆపి ఉక్కపోతలో కుట్టాల్సి వస్తోంది.

క్లాసు సారు చెప్పిందీ నిజమే. ఎవరు చంపారో తెలిసిపోయాక నా పాదం ఆగడం తగ్గింది. ఆ ఇళ్లలో ఎవరు ఎప్పుడు నోరు జారుతారో అని వింటూ తొక్కుతూనే ఉన్నాను. నిన్న మూడు లైనింగ్ జాకెట్లు అయ్యాయి. టీ కొట్టు తమ్ముడు "ఏమక్కా, ఇవాళ ఎవరూ పోలేదా?" అని అడిగాడు.

మా పెద్దక్కకు కూడా ఫోను చేశాను. 'అన్వేషిత' గుర్తుందా అంటే గుర్తుందంది. కరెంటు పోయిన రోజుల్లో చెప్పిన కథలు గుర్తున్నాయా అంటే "అవి నేను కల్పించానా? టీవీలో అలాగే వచ్చింది కదా" అంటోంది. ఇద్దరం అరగంట పోట్లాడుకున్నాం. గోడ మీద గోటితో గీకింది మాత్రం తానేనని ఒప్పుకుంది.

సుబేదారి అమ్మా, శనివారం సాయంత్రం ఆరు తర్వాత రండి, వేసి చూసుకుని తీసుకెళ్లండి. కుడి కుడికే ఉంది, రెండుసార్లు చూశాను. 'సుడల్' చివరి ఎపిసోడ్ నాకు ఇంకా నలభై నిమిషాలు మిగిలి ఉంది. మీరు చూసేసి ఉంటే తెర వెనక నుంచి ఒక్క మాట కూడా అనకండి.